మెట్టు మీద పడని వెలుగు

ఇన్నేళ్లుగా ఈ మాట నాలోనే మోస్తున్నాను. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

నేను మిర్యాలగూడలో ఇళ్లకు ఫాల్స్ సీలింగ్, అందులో బిగించే లైట్లు చేయిస్తాను. ఏ లైటు ఎక్కడ రావాలో గీసేది నేనే. వేములపల్లిలో ఒక టీచరు కొత్తిల్లు కట్టుకున్నాడు. హాలు నుంచి వంటగదిలోకి ఒక మెట్టు దిగాలి. లైట్లన్నీ హాలు మధ్యలో ఒకే వరుసగా గీశాను. అటు నడిచే మనిషికి వెలుగు వెనకనుంచి వస్తుంది. తన నీడే మెట్టు మీద పడుతుంది. టీచరు భార్య స్వరూప ఆ సంగతి ముందే కనిపెట్టింది.

"అన్నా, గీ మెట్టు మీద ఒక లైటు పెట్టు. అత్తమ్మకు సూపు సరిగ ఆనదు."

వరుస చెడుతుందని నేను ఒప్పుకోలేదు. నిజంగా వరుస కోసమేనా, లేక ఒక ఇల్లాలు నా గీతను దిద్దబోవడం నచ్చకనా అన్నది, ఎన్నిసార్లు తరచి చూసుకున్నా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గృహప్రవేశమైన కొన్నాళ్లకు, ఒక లైటు మిణుకుమంటోందంటే వెళ్లాను. పొద్దుగూకుతోంది. నేను నిచ్చెన మీద ఉండగానే స్వరూప అత్తగారు వంటగదికి వెళ్లబోయి ఆ మెట్టు దగ్గర పడిపోయింది. ముందు పరుగెత్తింది నేనే. తుంటి విరిగింది.

"ఎట్ల పడ్డదన్నా?" టీచరు నన్నే అడిగాడు.

"నేల తడి ఉన్నట్టున్నది సార్. ఇప్పుడే తుడిసిన్రేమో."

ఆయన భార్య వైపు చూశాడు.

"నేను తుడ్వలే," అంది స్వరూప. ఎవరూ వినలేదు.

ఆ పెద్దావిడ మళ్లీ నడవలేదు. స్వరూపే స్నానం చేయించేది, అన్నం తినిపించేది. చూడవచ్చిన చుట్టాలతో ఆవిడ మాత్రం, "నా కోడలే నేల తడిజేసి నన్ను పడగొట్టింది," అనేది. పోయేదాకా అదే మాట.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు మెట్లు చూసి లైట్లు గీస్తాను. ఇది పశ్చాత్తాపమా? కాదు. పని నేర్చుకున్నాను, అంతే.

మొన్న సూర్యాపేట బస్టాండులో స్వరూప ఎదురైంది. "మంచిగున్నవా అన్నా?" అంది. తలూపాను. బస్సు ఇంకా రాలేదు. చెప్పే వీలుంది. చెప్పలేదు.

ఇక్కడ చెబుతున్నాను. ఆ రోజు పెద్దావిడను లేపడానికి ఆ మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. నేల పొడిగా ఉంది.