బెళుగుప్ప బావిలో తుర్క్‌మెన్ మాట

ఉదయం 6.10కి గుంతకల్లులో బస్సెక్కేటప్పటికి ఇద్దరమే మిగిలాం: తుర్క్‌మెనియా నుంచి వచ్చిన బావుల నిపుణుడు బెర్దీ, ఆయనకు తోడుగా మా భూగర్భజలాల ఆఫీసు పంపిన నేను. రష్యన్ దుబాసీ జ్వరంతో లాడ్జిలోనే ఉండిపోయాడు. బెర్దీకి ఇంగ్లీషు రాదు, నాకు రష్యన్ రాదు. అయితే మూడు రోజులుగా ఆయన సొంత భాష మాటలు నోటుబుక్కులో రాసుకుంటున్నాను. సూవ్ అంటే నీళ్ళు, గుయీ బావి, దూజ్ ఉప్పు, యోక్ లేదు. మొత్తం పదిహేడు. ఒక రోజు పనికి చాలుననుకున్నాను.

7.40కి ఉరవకొండలో ఉగ్గాణి, బజ్జీలు తిని బెళుగుప్ప బస్సు పట్టుకున్నాం. బెర్దీ గొర్రెబొచ్చు టోపీ చూసి పక్క సీటు ముసలాయన, "ఈ ఎండకు అదేందప్పా, తల ఉడకదా?" అన్నాడు. బెర్దీ దాన్ని తీసి ఆయన తలమీదే పెట్టాడు. దిగేదాకా ముసలాయన దాన్ని తియ్యలేదు.

9.30కి ఏసోబు చేను చేరాం. కూలి చేసుకుంటూనే అతనూ భార్య మార్తమ్మా రెండు వేసవులు తవ్విన బావి అది. అడుగున ఉప్పునీళ్ళు పడ్డాయి. ఇంకా లోతుకు పోవడానికి మర్నాడు మందు పెట్టి పేల్చాలని ఉన్నారు. పేల్చాలా వద్దా అన్నదే వాళ్ళ ప్రశ్న.

మార్తమ్మ బావిలో తోడి చెంబు అందించింది. బెర్దీ ఒక గుక్క నోట్లో తిప్పి నేలమీద ఉమ్మేశాడు. ఆమె చెంబు లాక్కుంది. వాళ్ళ చేతినీళ్ళు ముట్టనివాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది.

"మా నీళ్ళు నీ దొరకు గొంతు దిగవా అన్నా?" అన్నాడు ఏసోబు నాతో.

నేను బెర్దీని "దూజ్?" అని అడిగాను. ఆయన తలూపాడు. ఉప్పు చూశాడని ఏసోబుకు చెప్పాను. అతను నమ్మలేదు.

బెర్దీ చెంబు అడిగి తీసుకుని, తాడు పట్టుకుని బావిలోకి దిగాడు. అడుగుకు నిలువెత్తు పైన, రాతి నెర్రెలోంచి జారే సన్నటి ఊటకు చెంబు ఆనించి నింపుకొచ్చాడు. "దూజ్ యోక్," అంటూ మార్తమ్మ ఎదుట చివరి చుక్కదాకా తాగి, ఖాళీ చెంబు ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత కిందికి చూపి చెయ్యి అడ్డంగా ఊపాడు. నెర్రెవైపు చూపి తవ్వినట్టు చేశాడు.

నేను నోటుబుక్కు తెరిచేలోపే మార్తమ్మ మొగుడితో అంది: "కిందికి పోతే ఉప్పే అంటాండాడు. మందు ఎత్తిపెట్టు. పక్కకే తవ్వుదాం."

4.15 బస్సులో తిరుగుదారి పట్టాం. బెర్దీ నిద్రపోయాడు. ఆ దేశంవాళ్ళతో పనిమీద వెళ్ళేవాళ్ళు నమస్కారం కంటే ముందు నీళ్ళ మాటలు నేర్చుకోవాలి. నెర్రె నీళ్ళు ఒక సీసా పరీక్షకు తెచ్చాను. పరీక్ష ఫారంలో ఫలితం గడిలో 'మంచినీళ్ళు' అని బస్సులోనే రాసేశాను. పరీక్ష చెయ్యకుండా ఆ గడి నింపడం నాకు అదే మొదటిసారి.