ఎల్లేశం కూర్చున్న ఆదివారం

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వెనక మా బస్తీలో ఒక సంఘం ఉంది. బోర్డు మీద పెద్ద పేరే రాసుకున్నారు గాని అందరూ కుర్చీ సంఘం అనే అంటారు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో గేట్ల దగ్గర, లిఫ్టుల దగ్గర, పార్కింగుల్లో నిలబడి పనిచేసి, వయసు మీద పడ్డాక ఇంటికి వచ్చేసిన మగవాళ్ళు ప్రతి ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాలు పక్కన రేకుల షెడ్డులో కూడుతారు. పేపరు ఒకరు చదివితే మిగతావాళ్ళు వింటారు, క్యారమ్స్ ఆడతారు. నేనూ పోయి ఓ పక్కన కూర్చుంటాను. ఎవరికి ఒంట్లో బాగాలేదో కనుక్కుని సాయంత్రం వాళ్ళింటికి పోయి పలకరించి వస్తారు.

ఈ నగరం గొప్పతనం గురించి ఎవరేం రాసినా నేను చదువుతాను. వాటినిండా మేడలెక్కినవాళ్ళ పేర్లే ఉంటాయి. కింద గేటు తీసినవాడి పేరు ఒక్కటి కూడా నాకు ఇంతవరకు కనపడలేదు. అందుకే అలా గేటు తీసిన ఎల్లేశం గురించి రాస్తున్నాను.

ఆ షెడ్డులో ఏదో కంపెనీ పారేసిన తిరిగే కుర్చీ ఒకటుంది. తల ఆన్చుకునేంత ఎత్తు వీపు, రెండు వైపులా చేతులు. ఒక చక్రం ఊడిపోతే ఆ వైపు ఇటుక పెట్టారు. దాన్ని తెచ్చింది మల్లయ్య. పార్కింగులో బండ్లకు చెయ్యి ఊపి ఊపి భుజం అరగదీసుకున్న మనిషి, సంఘానికి పెద్ద. నియమం కూడా ఆయన పెట్టిందే. వారానికి ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి. పేపరు మొదలైన దగ్గర్నుంచి చాయ్ అయ్యేదాకా లేవకూడదు. మంచినీళ్ళయినా మిగతావాళ్ళే తెచ్చివ్వాలి. కూర్చున్నవాడు తన బతుకు సంగతి చెప్తే అందరూ వినాలి. మధ్యలో లేస్తే వంతు పోయినట్టే. బయటివాళ్ళకు ఇది పిల్లలాటలా ఉంటుంది. పిక్కల మీద నరాలు ఉబ్బి ముడులు పడినవాళ్ళకు ఇది ఆట కాదు.

ఎల్లేశం వంతు ఎప్పుడొచ్చినా పోయేది. షెడ్డు ముందు ఇనుప గేటు, గేటు ముందే రోడ్డు. హారన్ వినపడగానే ఆయన కాళ్ళు ఆయన్ని అడక్కుండానే లేచేవి. మొదటిసారి పాలబండి మోగింది. పేపరు వింటున్నవాడల్లా లేచి, పోయి గేటు బార్లా తెరిచి, నిటారుగా నిలబడి పాలబండికి సెల్యూట్ కొట్టాడు.

"అరె ఎల్లన్నా! గా బండిల ఏ సీఈఓ ఉన్నడే? పెరుగు ప్యాకెట్లే గద!" అని మల్లయ్య పడిపడి నవ్వాడు. ఎల్లేశం కూడా నవ్వాడు. ఆ తర్వాతి వంతు ఎవరిదో స్కూటర్ పాలైంది, మరొకటి నీళ్ళ ట్యాంకర్ పాలైంది. అప్పటినుంచి ఆయన నవ్వడం మానేశాడు. "ఈయన నిద్రల గూడ సెల్యూట్ కొడ్తడు. పక్కన పండుకుంటె నా ముక్కు పగులుతది ఓనాడు," అని ఎల్లేశం భార్య మల్లమ్మ మా అమ్మతో అంటుండేది.

మళ్ళీ ఆయన వంతు రాబోతుండగా మల్లయ్య ఒక కబురు చెప్పాడు. స్టేషన్ అవతలి అపార్ట్‌మెంట్లలో ఉండే రిటైరైన ఆఫీసరు ఒకాయన సంఘంలో చేరతానన్నాడు. అక్కడ మాట్లాడే మనిషి లేక పరేషాన్ అవుతున్నాడట. వచ్చే ఆదివారం వస్తాడట.

"పేరేంది?" అన్నాడు ఎల్లేశం.

"విశ్వేశ్వరరావు."

"గాయన ఆఫీసు గేటు కాడనే నేను డ్యూటీ చేసింది," అన్నాడు ఎల్లేశం. "మల్లన్నా, నా వారం ఇంకొకరికియ్యి. ఇంకెవరి హారన్‌కైన ఆగుతనేమో గని గాయన హారన్‌కు ఆగ. ఆయన కారుకు లేచి నిలబడ్డనంటే మళ్ళ ఈడికి రాను."

"లేస్తె లేస్తివి. గని వారం మాత్రం మార్చ. గాయనొస్తున్నడని నువ్వు కుర్చీ ఖాళీ చేస్తె ఇగ మేమెందుకు కూసునుడు?"

ఆదివారం వచ్చింది. ఎల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో వీపు ఆన్చకుండా కూర్చున్నాడు. మల్లయ్య పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇగ చెప్పే," అన్నాడు.

ఎల్లేశం చెప్పాడు. సంగారెడ్డి వైపు నుంచి మల్లమ్మతో కలిసి వచ్చినప్పుడు ఇక్కడంతా బండలేనట. ఆ బండలు పగలగొట్టిన చోటే ఇద్దరూ తట్టలు మోశారు. పునాదిలో పోసిన కంకర నుంచి పై అంతస్తు ఇసుక దాకా వాళ్ళ తలల మీదుగా పోయిందే. మేడ లేచింది. కూలీలందరూ మరో చోటికి పోతుంటే ఎల్లేశం పోలేదు. "నేను మోసిన ఇంటిని నేనే కాస్తనన్న," అన్నాడు. యూనిఫాం ఇచ్చారు. ఆ గేటు మీద వచ్చిన జీతంతోనే కూతురు స్రవంతి నర్సు చదివి సర్కారు దవాఖానలో ఉద్యోగం తెచ్చుకుంది. ఓసారి బేస్‌మెంటులో వైర్లు కాలి పొగ కమ్ముకుంటే, మెట్ల మీద పడిపోయిన ఆడపిల్లను భుజాన వేసుకుని దించింది ఎల్లేశమే. ఆ సంగతి మాత్రం మల్లయ్య అడిగితే గాని చెప్పలేదు.

"గంత చేసినోనికి కూసోనికి ఏమిచ్చిండ్రే?" అన్నాడు మల్లయ్య.

"క్యాబిన్‌ల ఇనుప స్టూలుండె. విశ్వేశ్వరరావు సారు వచ్చినంక తీపిచ్చిండు. కూసుంటె నిద్రపోతరన్నడు. గప్పటి సంది..."

అప్పుడే గేటు అవతల హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, విశ్వేశ్వరరావు ఎప్పుడూ కొట్టే తీరు.

ఎల్లేశం మాట ఆగిపోయింది. మడమలు నేల మీది నుంచి లేచాయి. కుడి చెయ్యి నుదురు దాకా పోయే దారిలో సగం పైకి వచ్చింది. షెడ్డులో ఎవరూ కదల్లేదు. గేటు తీయడానికి కూడా ఎవరూ లేవలేదు. లేస్తే ఎల్లేశాన్ని కాపాడినట్టవుతుంది, ఆయన్ని నమ్మనట్టూ అవుతుంది. హారన్ మళ్ళీ మోగింది. అవతలివాడికి కూడా అదొక్కటే తెలుసు. హారన్ కొడితే గేటు తెరుచుకుంటుంది.

ఎల్లేశం సగం లేచిన చేతిని కిందికి తెచ్చి కుర్చీ చేతిని పట్టుకున్నాడు. రెండో చేత్తో రెండో వైపు పట్టుకున్నాడు. మూడోసారి హారన్ మోగింది. ఆయన వెనక్కి వాలాడు. ఇటుక మీద కుర్చీ కిర్రుమంది.

"సారూ!" అని కేకేశాడు. గేటు దగ్గర అన్నేళ్ళూ ఎత్తని గొంతు అది. "ఈడ గేటు తీసేటోడు లేడు! దిగి రా! గొళ్ళెం పైకి లేపి గుంజు!"

కారు ఇంజను ఆగింది. నెత్తి నెరిసిన మనిషి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగి, గేటు సందులోంచి చెయ్యి పెట్టి తడుముకున్నాడు.

"పైకి సారూ! అవతలికి గాదు, పైకి!"

గొళ్ళెం లేచింది. విశ్వేశ్వరరావు లోపలికి వచ్చి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి నిలబడిపోయాడు. "ఎల్లేశం! నువ్వా?"

"ఈడ అందరం అన్నలమే సార్," అన్నాడు మల్లయ్య. "కొత్తగ చేరినోళ్ళు మొదటి దినం చాయ్ అందియ్యాలె. ఫ్లాస్కు గదిగో. ముందు కుర్చీల ఉన్నాయనకు."

విశ్వేశ్వరరావు ముఖం కొంచెం ఎర్రబడింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడనుకున్నాం. వెళ్ళలేదు. ఫ్లాస్కు వంచి గ్లాసు నింపి, రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. సగం చాయ్ కింది సాసరులోకి ఒలికిపోయింది. "తీసుకోండి... ఎల్లేశమన్నా," అన్నాడు. ఎల్లేశం అందుకుని, తొందరపడకుండా, చివరి గుటక దాకా తాగాడు. అందరికీ ఇచ్చేసరికి విశ్వేశ్వరరావు మోకాళ్ళు వణుకుతున్నాయి.

"నా వంతు ఎప్పుడొస్తుందండీ?" అన్నాడు కుర్చీ వైపు చూస్తూ.

"నీకు కూసునే వారమెందుకు సార్, ఇన్నేండ్లు కూసుంటివి. నీకు నిలబడే వారం పెడ్తం!" అన్నాడు మల్లయ్య. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు.

ఎల్లేశం నవ్వలేదు. "మూలకు స్టూలుంది. సారుకు ఎయ్యిండ్రి," అన్నాడు. "మోకాళ్ళ నొప్పి నాకు తెలుసు."

విశ్వేశ్వరరావు స్టూలు మీద కూర్చుని తల దించుకున్నాడు. ఆయన తప్పు ఒప్పుకుంటాడేమోనని చూశాను. ఒప్పుకోలేదు. ఎల్లేశానికి ఆ అవసరం ఉన్నట్టు కనపడలేదు. నాకైతే ఉంది.

చాయ్ అయింది, సంఘం ముగిసింది. క్యారమ్స్ బోర్డు కూడా లోపల పెట్టేశారు. ఎల్లేశం మాత్రం లేవలేదు, కళ్ళు మూసుకుని కుర్చీలో వాలాడు. చివరికి మల్లమ్మ వచ్చింది.

"ఇంటికి రావా ఇగ? బువ్వ సల్లారుతుంది."

"జర ఆగు."

ఆమె దగ్గరికి వచ్చి, కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూసింది. "ఎట్లుంది?"

"మెత్తగుంది."

రోడ్డు మీద ఏదో కారు గట్టిగా హారన్ కొట్టింది. మల్లమ్మ ఉలిక్కిపడి గేటు వైపు చూసింది. ఎల్లేశం కళ్ళు మూసుకునే ఉన్నాడు.