లంకలో తాత పడక

మొన్న మా అబ్బాయి రాజమండ్రి నుంచి ఒక పడక చుట్ట కొనుక్కొచ్చి వసారాలో విప్పేసరికి ఇల్లంతా ఒకటే వాసన. నూనె పట్టించిన మందపాటి గుడ్డ, లోపల కుక్కిన కొబ్బరి పీచు, కట్టుకోవడానికి తోలు పటకాలు, ఇవన్నీ కలిసి ఎండలో ఉడికినట్టున్న ఆ వాసనకి మా కోడలు ముక్కు మూసుకుంది. పిల్లలు మాత్రం దాని మీద పడి దొర్లారు. ఈ కార్తీకంలో మావాడు పొగాకు వేయడానికి గోదావరిలో కొత్తగా తేలిన లంకకి వెళ్తున్నాడు, అక్కడ పాక వేసుకుని చలికాలమంతా ఉండాలి. "కింద తడి పైకి రాదటమ్మా, దొరలు అడవుల్లోకి వెళ్ళేటప్పుడు ఇవే పట్టుకెళ్తారంట" అని గొప్పగా చెప్పాడు. నేను దాన్ని అరచేత్తో నొక్కి చూశాను. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. పడుకునేవాడికి నడుమనేది ఒకటి ఉంటుందని దాన్ని కుట్టినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

అయినా నాకు ఆ వాసన వదల్లేదు. లంక, చలి, నేలమీద పడక అన్న మూడూ ఒకచోట చేరేసరికి నా మనసు ఊరు దాటి రేవు దాటి, నా పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లోకి వెళ్ళిపోయింది.

అప్పట్లో మాకు గౌతమి పాయలో ఒక లంక ఉండేది. ఉండేది అంటే గోదావరి ఇచ్చిన ఏడు ఉండేది. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీళ్ళ కింద మునిగిపోయి, ఆశ్వయుజంలో వరద తీశాక ఏనుగు వీపు లేచినట్టు నెమ్మదిగా పైకి లేచి, ఒండ్రుతో మెరుస్తూ, అంచుల నిండా రెల్లు పూసి, మా ఒడ్డు నుంచి చూస్తే ఎవరో తెల్లదుప్పటి ఆరేసినట్టు కనిపించేది. కార్తీకం రాగానే మా తాత, మామ్మ, నాన్న, వాళ్ళ వెనక తోకలా నేను, పొగాకు నారు బుట్టలూ కుండలూ కోళ్ళగంపా పడవలో వేసుకుని అక్కడికి కాపురం మార్చేవాళ్ళం. అమ్మ చంటి తమ్ముడితో ఊళ్ళోనే ఉండిపోయేది. తాటాకు పాక, మూడు రాళ్ళ పొయ్యి, పొద్దున్నే చద్దన్నంలోకి ఊరుమిరపకాయలు, మధ్యాహ్నం నది నుంచి అప్పుడే పట్టిన చేపల పులుసు, సాయంత్రం పొయ్యి నిప్పుల్లో కాల్చిన తేగలు. నాగుల చవితికి ఊరినుంచి అమ్మ పంపిన చిమ్మిలి ఉండలు చీమలకి దొరక్కుండా నీళ్ళ పళ్ళెంలో పెడితే, నేను వాటిని మామ్మకి దొరక్కుండా తినేదాన్ని. ఆడుకోవడానికి నాతోటి వాళ్ళు ఎవరూ లేకపోయినా లోటనిపించేది కాదు. ఇసకతో గుజ్జనగూళ్ళు వండి కొంగలకి వడ్డించేదాన్ని, అవి ముట్టకపోతే కోప్పడేదాన్ని.

లంకకి మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఇంకే ఇంట్లోనూ అంత పట్టుగా నేను చూడలేదు. లంకలో దిగాక మన చేత్తో వేసింది పచ్చగా లేచేదాకా ఎవరూ మంచం ఎక్కకూడదు. ఆ నేల మనది కాదు, నది ఇచ్చింది. ఆవిడ ఇంకా ఏమీ ఇవ్వకముందే ఆవిడ ఒళ్ళో మనం ఎత్తుమీద పడుకుంటే ఏం బాగుంటుంది అనేవాడు తాత. నారు నాటగానే సరిపోదు, మొక్క వాడి, తేరుకుని, కొత్త ఆకు వేయాలి. అందుకు చాలా రోజులు పట్టేది. అప్పటిదాకా అందరికీ తుంగచాపే గతి. మేము దాన్ని కష్టమనుకోలేదు. ఒండ్రు నేల మీద చాప వేసుకుని బొంత కప్పుకుంటే నాలాంటి దానికి తెల్లారేదాకా తెలివే వచ్చేది కాదు.

ఆ ఏడు మాత్రం తాత వరదల్లో రేవు మెట్ల మీద జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకున్నాడు. ఆకుపసర్లు కట్టగా కట్టగా లేచి నడిచాడు గాని, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. నాన్న మొదట్నుంచీ ఒకటే మాట: ఈ ఏడు ఇంటి దగ్గరే ఉండు. తాతకి ఆ మాట చెవిన పడితే చాలు, ముఖం అటు తిప్పేసుకునేవాడు. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళని పలకరించే ముసలాళ్ళంటే ఆయనకి చెప్పలేనంత భయం. ఒకసారి అరుగెక్కినవాడు మళ్ళీ పడవెక్కడం ఎక్కడా చూడలేదనేవాడు. చివరికి నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. అక్కడ నిద్ర పట్టకపోయినా, పొద్దున్నే లేవలేకపోయినా, వచ్చే సంత పడవలో వెనక్కి పంపేస్తాడు.

తొలి రాత్రి చాప మీద గడిచింది. తెల్లారి తాతని లేపడానికి నాన్న ఒక చెయ్యి, మామ్మ ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. నాన్న పడవ వచ్చే దిక్కు ఒకసారి చూశాడు. ఆ చూపు మామ్మ కంట్లో పడింది.

మా మామ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఆ బుగ్గన అది కాలుతుండగానే ఇంటిల్లిపాదినీ తిట్టగలిగేది. ఆ పూట నుంచి ఆవిడకి వేరే పని లేకపోయింది, తాత కింద ఏం పరవాలా అన్నదే ధ్యాస. ముందుగా ఊళ్ళోంచి బూరుగుదూది పరుపు తెప్పించింది. మా అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన పరుపది, ఇంటికి పెద్దచుట్టం వస్తే తప్ప కిందకి దించేవాళ్ళు కాదు. లంక మంచుకి రెండు పూటల్లో తడి తాగేసి, ఉండలు కట్టి, దాని మీద పడుకున్న తాత రాళ్ళబస్తా మీద పడుకున్నట్టుందన్నాడు. తర్వాత నేను సలహా ఇచ్చాను, రెల్లు పూలు. చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియని ఆ మెత్తదనం చూసి మామ్మ కూడా మోసపోయింది. నేను పొద్దస్తమానం కోసి తెచ్చిన పూలన్నీ ఒక సంచిలో కుక్కితే, తాత పడుకోగానే సంచి చాపంత పల్చగా అణిగిపోయింది. పొద్దున్న లేచేసరికి ఆయన మీసాలూ కనుబొమ్మలూ చెవులూ అన్నీ తెల్లటి నూగు. తుమ్మితే ఆ నూగు లంకంతా ఎగిరింది. ఆ తుంటి నొప్పిలోనూ ఆయన నవ్వాడు. నాన్న మాత్రం నవ్వలేదు.

అప్పుడు మామ్మ ఆలోచించి వరిగడ్డి అంది. అదీ ఏదో ఒక గడ్డి కాదు. మెరకచేలో ముందుగా కోతకొచ్చిన వరి అప్పుడే కోశారు. పశువులతో తొక్కించిన గడ్డి నలిగి చితికిపోతుంది, దానికి ఒళ్ళు మోసే సత్తువ ఉండదు. బల్లకేసి చేత్తో కొట్టిన గడ్డి అయితే పొడుగ్గా, పెళుసుగా నిలబడుతుంది. ఆ గడ్డి మోపులే పడవలో తెప్పించింది. తాత పాతపంచెలు రెండు పొరలుగా వేసి, దబ్బనంతో చుట్టూ కుట్టి, తుంటి వచ్చేచోట కొంచెం పల్చగా, నడుం వచ్చేచోట కొంచెం దట్టంగా గడ్డి కుక్కింది. మధ్యమధ్యలో తాతని దాని మీద పడుకోబెట్టి, ఇటు తిరుగు అటు తిరుగు అంటూ, పెళ్ళికొడుక్కి అంగీ కుట్టినంత శ్రద్ధగా సరిచేసింది. ఆయన కూడా మారుమాట్లాడకుండా పెళ్ళికొడుకులాగే తిరిగాడు.

ఆ రాత్రి తాత గురక విని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పొద్దున్నే తనంతట తనే లేచి, కర్ర పుచ్చుకుని నారు నాటిన మళ్ళ వైపు నడిచాడు. ఆ తర్వాత రోజులు నా బాల్యంలోకెల్లా మంచివి. మంచు ఇంకా విడవకముందే ఆయన మొక్కల మధ్య తిరుగుతుంటే ఒళ్ళు కనిపించేది కాదు, తలపాగా ఒకటే తేలుతూ వచ్చేది. నేను ఆ తలపాగా వెనకే పరిగెత్తేదాన్ని. కొత్త గడ్డి వాసన వేసే ఆ పరుపు మీద మధ్యాహ్నం ఆయన పక్కన నేను కూడా చేరేదాన్ని, కదిలినప్పుడల్లా అది గలగలమనేది.

ఒక ఉదయం ఆడుకుంటూ పరుపు అంచు దగ్గర చెయ్యి పెడితే వేళ్ళకి పచ్చిక తగిలింది. ఒండ్రులోంచి గడ్డి మొలిచిందనుకుని పీకబోతే రాలేదు. వంగి చూస్తే పంచె నేతలోంచి సూదుల్లా పచ్చటి మొలకలు. నేను కేక వేస్తే నాన్న వచ్చి పరుపు ఎత్తాడు. అడుగంతా తడి, నారు పోయడానికి నానబెట్టి మూటగట్టిన విత్తనాల వాసన. చేత్తో కొట్టిన గడ్డిలో గింజ మిగిలిపోతుందని, కింద నేల చెమ్మా పైన మనిషి వేడీ తగిలితే అది ఊరుకోదని, పుట్టినప్పట్నుంచీ వరి పండించిన ఇంత మందిమీ మరిచిపోయాం.

నాన్న ఆ పరుపుని పాక బయటికి ఈడ్చేశాడు. "ఇంక సాల్లే నాన్నా. ఈ తడి మీద పడుకుంటే ఉన్న నడుం కూడా పోద్ది. రేపు సంత పడవ వత్తాది, ఎల్లిపోదువుగాని" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే మరీ బాధగా వినిపించింది.

తాత లేచాడు. కర్ర పుచ్చుకుని నీటి అంచుదాకా వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్తే తల మీద చెయ్యి వేశాడు గాని ఇటు తిరగలేదు. నాకు భయం వేసింది. తాత లేని లంక ఎలా ఉంటుందో ఊహించుకోబోతే ఇసకా నీళ్ళూ తప్ప ఏమీ కనిపించలేదు.

ఇంతలో మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. చుట్ట తీసి మాట్లాడిందంటే అది తిట్టు కాదు, తీర్పు. "ఇదేంట్రా?" అని నాన్నని అడిగింది.

"వరి మొలకమ్మా."

"గింజ ఎవరు పండించారు? నువ్వేగా. గడ్డి ఎవరు కూరారు? నేనేగా. మొలిచింది లంకలోనేగా. మన సేత్తో ఏసింది పచ్చగా లేచిందా, లేదా?"

"లేచిందనుకో. పొగాకు లేవాలిగాని వరేంటి?"

"పొగాకని మీ తాతలెవరన్నా సెప్పారా? పచ్చన్నారు. గోదారమ్మ మీ నాన్న నడుం కిందే పచ్చ సూపించింది. ఎల్లి మంచం తేరా."

నాన్న కాసేపు ఆవిడ వంకా, మొలకల వంకా చూశాడు. ఆ మొలకలు నిజంగానే ఎంతో ఆరోగ్యంగా ఉన్నాయి. చివరికి నవ్వాపుకోలేక తలగుడ్డతో ముఖం తుడుచుకుని పడవ విప్పాడు. నీటి అంచున కూర్చున్న తాత భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడేమో అని పరిగెత్తాను. ఆయనా నవ్వుతున్నాడు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

పొద్దు వాలకముందే ఊరినుంచి నులకమంచం వచ్చింది. తాత దాని మీద జమీందారులా కూర్చుని మమ్మల్నందరినీ కిందనుంచి చూడమన్నాడు. తెల్లారి చూస్తే నులక మధ్యకి జారి, ఆయన కొడవలిలా వంగి ఉన్నాడు. ఎలా ఉందని మామ్మ అడిగితే, బాగుంది, హాయిగా ఉంది అన్నాడు. తన కోసం ఆవిడ అంత వాదించి గెలిచింది కదా, నొప్పి అని ఎలా చెబుతాడు? మామ్మకి అది తెలియకపోలేదు. ఆ పగలంతా కూర్చుని పాత పరుపు విప్పి, ఉతికి ఆరేసి, గింజ మిగలకుండా తొక్కించి దులిపిన గడ్డి ఈసారి రెట్టింపు కూరి, చెమ్మ తగలకుండా అడుగున రెల్లుకాడలు ఒత్తుగా పరిచి, మంచం పక్కనే నేల మీద వేసింది. సాయంత్రం తాత మంచాన్నీ పరుపునీ చూసి, ఎవరో బలవంతపెట్టినట్టు నిట్టూర్చి పరుపు మీద పడుకున్నాడు. మంచం నాన్నకి దక్కింది. పొగాకు కొట్టి, ఆకుల్ని తోరణాలుగా తాళ్ళకి కట్టి, ఎండబెట్టి, పడవలకెత్తేదాకా తాత లంక విడవలేదు. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు మాతో వచ్చాడు.

ఆ లంక ఇప్పుడు లేదు. ఒక పెద్ద వరదకి మునిగి మళ్ళీ లేవలేదు, అది ఉన్నచోట ఇప్పుడు ఆవిరి పడవలు కూతలు వేసుకుంటూ పోతున్నాయి. మామ్మలాగా ఒళ్ళు చూసి పరుపు కుట్టేవాళ్ళూ లేరు, దిగీదిగగానే మంచాలు వాల్చుకునే ఈ రోజుల్లో నదిని అడిగి పడుకునేవాళ్ళూ లేరు. దానికి నేను ఏడవబోవడం లేదు. గోదావరి ఒకచోట తీసుకున్నది ఇంకోచోట పెడుతుంది, మావాడి లంక అలా పుట్టిందే.

నిన్న సాయంత్రం మా కోడలు నెమ్మదిగా నా పక్కన చేరింది. "చలికి మీకు మోకాళ్ళు పట్టేస్తాయి కదండీ అత్తయ్యగారూ, మీరు ఇక్కడే అరుగు మీద ఎండలో కూర్చుంటే మాకూ నిశ్చింతగా ఉంటుందండీ" అంది. మంచి పిల్ల, ప్రేమగానే అంది. నేను కూడా ప్రేమగానే విన్నాను. తర్వాత మా అబ్బాయిని పిలిచి, పడవలో నాకు చోటు ఉంచమని చెప్పాను. వాడు నా మోకాళ్ళ వంక చూశాడు, నా ముఖం వంక చూశాడు.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు.