నీలం చొక్కాల బొమ్మలు

హోసూరు చుట్టుపక్కల జపాన్ వాళ్ల బొమ్మల సినిమాను మొదట ఆడించిన మనిషిని నేనే. ఎనభైల్లో మాట. నక్షత్రాల మధ్య ఊళ్లు, ఎగిరే ఓడలు, మాట్లాడే యంత్రాలు. దాన్ని చూడటానికి రాయకోట నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారని, నేను పక్కన నిలబడి జపాన్ మాటలను తెలుగులో చెబుతుంటే కన్నడం వాళ్లూ అరవం వాళ్లూ కూడా నోరు తెరుచుకుని విన్నారని టీకొట్ల దగ్గర ఇన్నేళ్లుగా చెబుతూ వస్తున్నాను. మీరూ ఎక్కడో విని ఉంటారు.

బండ్లేవీ రాలేదు. డెంకణికోట దారిలో ఒక చిన్న బడి. ఆదివారం మధ్యాహ్నం. గదిలో పట్టినంత మంది పిల్లలు, వాళ్ల వెనక కొందరు పెద్దవాళ్లు. అంతే. జపాన్ భాష నాకు ఒక్క ముక్క రాదు. ఆ గొప్పలన్నీ ఎందుకు చెప్పుకున్నానంటే, వాటి అడుగున ఒకటి దాచడానికి. దాన్ని మోస్తూనే అందరినీ నవ్విస్తూ తిరిగాను. ఇక మోయలేను.

అప్పట్లో బజారులో నాకు రేడియో రిపేరు అంగడి ఉండేది. టీవీ, వీసీఆర్ అద్దెకిచ్చేవాణ్ణి. ఆ క్యాసెట్టు బెంగుళూరులో తెలిసినవాడి దగ్గర దొరికింది. బడి టీచరమ్మ ఒకటే అడిగింది, ఇది పిల్లలు చూడదగిందేనా, మీరు మొత్తం చూశారా అని. మూడుసార్లు చూశానమ్మా, పాలు తాగే బిడ్డకైనా చూపించవచ్చు అన్నాను. నేను చూసింది మొదటి పావుగంట. అందులో ఒక కుక్కపిల్ల నక్షత్రాల మీద గెంతుతుంది. బొమ్మలే కదా, బొమ్మల్లో చెడ్డదేముంటుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేదు. బస్సుకు టైమైందని లేచి వచ్చేశాను.

గది చీకటి చేయడానికి కిటికీలకు కంబళ్లు కట్టింది మారప్ప. గొర్రెలు కాసే ఇంటివాడు. హోసూరులో కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీలో చేరి కొన్ని నెలలే అయింది, ఇంకా పర్మనెంట్ కాలేదు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కాను ఆదివారం కూడా వేసుకుని తిరిగేవాడు, అంత ముచ్చట. అతని కూతురు రత్న, ఏడేళ్లుంటాయేమో, ముందు వరుసలో నా కాళ్ల దగ్గర కూర్చుంది.

సగమయ్యాక సినిమా మారిపోయింది. ఇనుప ఊరు. పెద్ద గేటు. నీలం చొక్కాల మనుషులు వరసగా లోపలికి పోతున్నారు. లోపల నోరున్న యంత్రం. పోయినవాళ్లు తిరిగి రావడం లేదు, వాళ్ల చొక్కాలు మాత్రం బయట కుప్పపడుతున్నాయి. నా వేలు వీసీఆర్ బటన్ మీదే ఉంది. నొక్కితే అయిపోయేది. కానీ నొక్కితే, ఈ మనిషి సినిమా చూడనే లేదని టీచరమ్మకు తెలిసిపోతుంది. ఆ కాస్త పరువు కోసం వేలు తీసేసి, గొంతు పెంచి, హాస్యం మొదలుపెట్టాను.

అప్పుడు రత్న నా పంచె పట్టి లాగి అడిగింది.

"మామా, అది యాడుంది?"

"ఈడే పాపా, హోసూర్లో. మీ నాయన పొద్దున్నే పోతాడే, ఆ ఫ్యాక్టరీనే."

గదంతా గొల్లున నవ్వింది. మారప్ప కూడా నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.

మరుసటి రోజు నుంచి తండ్రిని బస్సు ఎక్కనివ్వలేదు. చొక్కా తీసుకుపోయి గొర్రెల దొడ్లో ఎరువు కింద దాచింది. జ్వరం. కాళ్లకు చుట్టుకుని ఏడుపు. మారప్పకు షిఫ్టులు తప్పాయి. ఒకరోజు నా అంగడికి వచ్చి, అన్నా, అది నువ్వు చెప్తేనే నమ్ముతుంది, ఒక్కసారి వచ్చి అంతా అబద్ధమని చెప్పిపో అని బతిమాలుకున్నాడు. ఆదివారం వస్తానన్నాను. వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు. వెళితే టీచరమ్మ ఎదురవుతుంది. సినిమా ఆపడానికి అడ్డొచ్చిన పరువే, ఆ పిల్లకు ఒక్క మాట చెప్పి రావడానికీ అడ్డొచ్చింది.

కంపెనీ వాళ్లు ఇక రావద్దన్నారు. మారప్ప మళ్లీ గొర్రెలు తోలుకుని అడవి అంచుకు పోయాడు. రాగి చేలు కోతకొచ్చిన కాలం, వాటి కోసం ఏనుగులు దిగే కాలం. ఒక సాయంత్రం గొర్రెలు ఇల్లు చేరాయి. అతను చేరలేదు.

చావుకు వెళ్లాను. ఫ్యాక్టరీకి పోయుంటే ఏనుగు కాళ్ల కింద పడేవాడు కాదు, కూతురే ఆపింది అని జనం అనుకుంటున్నారు. పిల్ల వింటోంది. అప్పుడైనా నేను నోరు తెరవవచ్చు. తెరిచాను కూడా. ఆ పిల్ల పుట్టుకతోనే పిరికిది అన్నాను.

సినిమాదా తప్పు? ఎవరో, ఎక్కడో, పెద్దవాళ్ల కోసం గీసుకున్న బొమ్మలు. వాటిని పసిపిల్లల ముందు పెట్టిందెవరు? ఆ యంత్రానికి వాళ్ల నాయన ఫ్యాక్టరీ పేరు తగిలించిందెవరు? ఇలా నన్ను నేను ప్రశ్నించుకున్నప్పుడల్లా ఒకే జవాబు పట్టుకుని బతికాను: పిల్ల అడిగింది, నేను నోటికొచ్చింది చెప్పాను, అడగకపోయి ఉంటే చెప్పేవాణ్ణే కాదు.

పోయిన నెల హోసూరు బస్టాండులో రత్నను చూశాను. తల నెరిసింది. చీర మీద నీలం చొక్కా వేసుకుని కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్లే, ఏదీ పెంచకుండా. చెప్పాక, ఎన్నాళ్ల తర్వాతో, ఊపిరి పూర్తిగా లోపలికి పోయినట్లనిపించింది. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు.  బస్సు వచ్చి ఆగాక ఆమె లేచింది.

"నేను నిన్నేమీ అడగలేదు మామా. భయానికి నాకు నోరే రాలేదు. కండ్లు మూసుకొని ఉంటే, నువ్వే నా గడ్డం పట్టుకుని టీవీ తట్టు తిప్పి, అదో మీ నాయన ఫ్యాక్టరీ అని చూపించినావు."