తుమ్మ కొమ్మ మీద బాపు బిళ్ళ

మా క్వార్టర్‌లో క్రిస్మస్ చెట్టంటే తుమ్మ కొమ్మే. గోదావరిఖనిలో వేరే చెట్లు లేక కాదు. వస్తువులు తగిలించడానికి ముళ్ళు బాగా పనికొస్తాయని మా అమ్మ వాదన. నూనె డబ్బాలో ఇసుక పోసి కొమ్మ నిలబెట్టి, సందుగలో దాచిన మూట విప్పేది. జ్వరంతో పోయిన మా చెల్లి గాజులు, అమ్మమ్మ ముక్కుపుల్ల, పెళ్ళినాడు బాపు చుట్టుకున్న రుమాలు. పక్కింటి చెట్టుకు బజారులో కొన్న తళుకు కాగితాలుండేవి. మా దాన్ని చూస్తే నాకు సిగ్గేసేది.

అందులో ఒక్క వస్తువు మాత్రం నాకు ముద్దు. అది బాపు ఇత్తడి బిళ్ళ. బాపు పనిచేసే బొగ్గుగనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన బిళ్ళ ఒకటి ఉండేది. దిగేముందు దాన్ని దీపాల గదిలో ఇస్తే, బోర్డు కొక్కేనికి తగిలించి అదే నంబరున్న తలదీపం ఇచ్చేవాళ్ళు. పైకొచ్చి దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకోవాలి. కొక్కేనికి ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, జేబులో ఉంటే బయట ఉన్నట్టు. పండుగనాడు బాపు సెలవు పెట్టేవాడు కనుక, అమ్మ దాన్ని చింతపండుతో తోమి కొమ్మ చివర కట్టేది. మా నక్షత్రం అదే.

నా పదకొండో ఏట పండుగ పొద్దున్నే కబురొచ్చింది. గనిలో పంపు ఆగిందట, నీళ్ళు పెరుగుతున్నాయట. బాపు పంపు పనివాడు. అమ్మ అప్పటికే చర్చికి వెళ్ళింది. బాపు చొక్కా తొడుక్కుంటుండగా నేను బిళ్ళ తెంపి లంగా బొడ్డులో దోపుకున్నాను. బిళ్ళ లేకపోతే దీపం ఇవ్వరు, దీపం లేకపోతే దిగనివ్వరు, బాపు నాతో చర్చికి వస్తాడు. నా తెలివి అంతవరకే పారింది.

"బిళ్ళ ఏది బిడ్డా?"

"నాకు తెల్వదు బాపు."

"సరే, అట్లనే పోత. జల్ది రమ్మన్నరు."

తర్వాత తెలిసింది. దీపాల గది మనిషి బాపుకు బాగా ఎరుక. బిళ్ళ లేనిదే నంబరు దీపం ఇవ్వకూడదని, మూల పడి ఉన్న దీపమొకటి చేతిలో పెట్టి పంపాడు. మధ్యాహ్నం ఆయనా, కబురు పంపిన సర్దారూ, అంటే పనివాళ్ళ మీది పెద్ద, షిఫ్టు దిగి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

చర్చి నుంచి వచ్చిన అమ్మకు పంపు కబురు చెప్పాను. కొమ్మ మీద బిళ్ళ లేదు కనుక బాపే తీసుకెళ్ళాడని ఆమె అనుకుంది. మూడు దాటినా ఆయన రాకపోయేసరికి నన్ను వెంటబెట్టుకుని గనికి నడిచింది. దీపాల గదిలో అప్పుడే డ్యూటీ ఎక్కిన కాక ఒకాయన బోర్డు చూశాడు.

"బిళ్ళ లేదు చెల్లె. దీపం గూడ ఈడనే ఉన్నది. అంటే మనిషి దిగలేదన్నట్టు."

"పొద్దుగాలనే వచ్చిండన్నా."

"పండుగ గదా. ఎవలన్న దోస్తు కల్లుకు తీస్కపోయిండేమో. ఫికర్ చెయ్యకు."

బాపు కల్లు ముట్టడు. ఆ మాట చెప్పబోయి అమ్మ ఆగిపోయింది. ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది.

"తాగితే తాగనీ. పైన ఉంటే సాలు" అంది.

బొడ్డులో బిళ్ళ నా పొట్టకు ఒత్తుకుంటోంది. చెబితే అమ్మ ఆశ పోతుంది. చెప్పకపోతే లోపలున్న మనిషిని ఎవరూ వెతకరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడుస్తూ తీసి కాక చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కొక్కేనికి తగిలించి, మనుషుల్ని పిలుస్తూ పరుగెత్తాడు.

కొక్కేనికి వేలాడుతున్న ఆ బిళ్ళను చూసి అమ్మ నేల మీద కూలబడింది. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక నేను గోడకు ఆనుకున్నాను. ఆ బోర్డును చూస్తూ ఉండటం తప్ప మా ఇద్దరి చేతుల్లో ఏమీ లేదు. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

పొద్దు గూకే వేళకు బాపును పైకి తెచ్చారు. దారిలో నీళ్ళు నిండి, దీపం ఆరిపోయి, ఒక గట్టు మీద చీకట్లో కూర్చుండిపోయాడట. కాళ్ళు నాని తెల్లబడ్డాయి. కొడతాడని భయపడ్డాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన నా తల నిమిరాడు.

"బిళ్ళ దాస్తే డ్యూటీ ఆగదు బిడ్డా. నేనే దొరకకుంట పోత."