హసన్ వాళ్ళమ్మ ఇల్లు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఐర్లండ్ వచ్చి, డబ్లిన్ దగ్గర నేస్ అనే ఊళ్ళో ఇల్లు చూసుకుంటున్న రోజులవి. ఓసారి కాజిల్‌బార్ అనే ఊళ్ళో పని ముగించుకుని డబ్లిన్ రైలెక్కాను. పక్క సీట్లో హసన్ అనే ఇండోనేషియా అతను. ఇక్కడ చేపల పడవ మీద పనిచేస్తాడట. ఇల్లు కొంటున్నానని చెబితే మామూలుగా అడిగాడు.

"ఎత్తడానికి ఎంతమంది కావాలి?"

నాకర్థం కాలేదు. వాళ్ళ దీవిలో చెక్క ఇళ్ళు స్తంభాల మీద ఉంటాయట. చోటు మార్చాలంటే ఊళ్ళో మగవాళ్ళంతా కలిసి ఇంటిని ఉన్నదున్నట్టే భుజాల మీద మోసుకుపోతారట.

"మీ ఇంటినీ అలాగే మోశారా?"

అతను ఫోన్‌లో వీడియో చూపించాడు. సముద్రం ముందుకొచ్చి, వాళ్ళ ఇంటిని గట్టు మీదికి మార్చాల్సి వచ్చింది. ముగ్గురు ముసలివాళ్ళు గోడ పలకలు ఊడదీస్తున్నారు. వాళ్ళమ్మ పక్కన నిలబడి ఉంది.

"మోసేవాళ్ళు లేరు. మా ఈడువాళ్ళమంతా ఏదో ఒక దేశంలో పడవల మీదున్నాం. అందుకే విప్పేశారు. పలకలు సగం పుచ్చిపోయాయి, మళ్ళీ కట్టడం కుదరదు."

వీడియోలో వాళ్ళమ్మ ఏదో అంటోంది. ఏమిటని అడిగాను.

"మోసినవాళ్ళకి భోజనం పెట్టడం మా ఆచారం. అలవాటుకొద్దీ ఊరందరికీ వండేసిందట. ఎవరు తింటారు అంటోంది."