ఎడమచేతి నర్సింహ బేస్ గిటార్

2011. తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యోగుల సమ్మె నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు మూతపడి హాస్టల్ పిల్లలంతా ఊళ్లకు పోయారు. బస్సులు డిపోలు దాటడం లేదు. మెయిన్ రోడ్డు వెనక సందులో నాదొక చిన్న దుకాణం, గిటార్లు బాగుచేస్తాను. ఊరేగింపు వస్తే షట్టర్ సగం దించడం, పోయాక ఎత్తడం, ఆ నెలంతా దాదాపు అదే పని.

మాది పోచంపల్లి. మా నాయన మగ్గం నేసేవాడు. నేను పదో తరగతి తర్వాత ఒక మ్యూజిక్ షాపులో చేరి, అక్కడే ఈ పని నేర్చుకున్నాను. "నూలుపోగులు ఇడిసిపెట్టి ఇనుప తీగలు వట్టినవు" అని నాయన నవ్వేవాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం రామ్మోహన్ గారు స్కూటర్ మీద వచ్చారు. ఆయన బ్యాంకు ఆఫీసర్, వనస్థలిపురంలో ఇల్లు. సొంతూరు గుంటూరు దగ్గర. ఆయనకొక పిచ్చి ఉంది. డెబ్బైల చివర్లో, ఎనభైల మొదట్లో జపాన్‌లో తయారైన బేస్ గిటార్లు ఎక్కడ దొరికినా కొనేస్తారు. అప్పటికే పడగ్గది గోడకు ఐదు వేలాడుతున్నాయి. కాలేజీలో ఉన్నప్పుడు బేస్ వాయించాలని చాలా ఆశపడ్డారట. చదువు, ఉద్యోగం, పిల్లలు, అలా నలభై ఏళ్లు దాటాక మొదటిది కొన్నారు. రోజూ సాయంత్రం తుడుస్తారు, తీగలు సరిచూస్తారు, మళ్లీ గోడకు పెట్టేస్తారు. వాయించడం మాత్రం రాదు.

బేస్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను. మామూలు గిటార్‌కు ఆరు తీగలు, దీనికి నాలుగే. చాలా లావు తీగలు. పాట వింటున్నప్పుడు దీన్ని విడిగా ఎవరూ పట్టించుకోరు. మధ్యలో ఆగిపోతే మాత్రం పాట కాళ్ల కింద నేల జారినట్టుంటుంది. ఇక ఆ కాలపు జపాన్ పని గురించి చెప్పాలంటే నాకు ముచ్చట తీరదు. బాగా ఆరిన కర్ర వాడేవాళ్లు. ముప్పై ఎండాకాలాలు హైదరాబాద్‌లో గడిపినా నెక్, అంటే తీగలు సాగే పొడవాటి మెడ, వంగదు. నెక్ మీద అడ్డంగా ఉండే సన్నని లోహపు పట్టీలను ఫ్రెట్స్ అంటాం. వాటి కొసలు ఎంత నున్నగా రుద్దేవాళ్లంటే, అరచేయి అటూ ఇటూ జారించినా ఒక్కచోట గుచ్చుకోదు. అలాంటి నెక్ పట్టుకున్నప్పుడల్లా, ఎక్కడో సముద్రాల అవతల, పేరు తెలియని ఒక మనిషి చెయ్యి నా చేతికి తగిలినట్టే ఉంటుంది.

రామ్మోహన్ గారు ఆ రోజు తెచ్చిన బేస్ సికింద్రాబాద్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికిందట. తేనెరంగు మధ్యలో, అంచులకు వచ్చేసరికి చాయ్ రంగు. వెనక చిన్న ఇనుప రేకు మీద 'మేడ్ ఇన్ జపాన్' అని అక్షరాలు.

"శ్రీనివాస్ గారూ, ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలా కావాలండీ. ఫ్రెట్స్ మార్చండి. కింద అంచున పాలిష్ పోయింది, మళ్లీ వేయండి. ఇదిగో, ఈ కొమ్ము దగ్గర ఎవరో అనవసరంగా రంధ్రం చేశారు. పూడ్చేయండి" అన్నారు.

బేస్‌ను బల్ల మీద పడుకోబెట్టి లైటు వేసి చూశాను. ఫ్రెట్స్ లోతుగా అరిగి ఉన్నాయి. బాగా వాయించిన బేస్ అది. నన్ను ఆపింది పాలిష్ పోయిన చోటు. వాయించేవాళ్ల మోచెయ్యి పై అంచున ఆనుతుంది, అందుకే ఏ పాత బేస్ చూసినా పై అంచే అరుగుతుంది. ఇది కింది అంచున అరిగింది. నెక్‌కు రెండువైపులా పొడుచుకొచ్చే కొమ్ముల్లో రంధ్రం కూడా కింది కొమ్ముకే ఉంది. భుజానికి వేసుకునే పట్టీని తగిలించే గుండీ కోసం చేసిన రంధ్రం అది, మామూలుగా ఆ గుండీ పై కొమ్ముకు ఉంటుంది.

"సార్, దీన్ని తలకిందులుగ వట్టుకొని వాయించిండ్రు" అన్నాను. "ఎడమచేతి మనిషి. తీగలు కూడ మార్చుకోలే. కుడిచేతి బేస్‌నే తిప్పి భుజానికి ఏసుకున్నడు."

"అలా కూడా వాయిస్తారా?"

"ఒక్కరినే చూసిన సార్. నర్సింహ అన్న."

ఆ పేరు పలకగానే నాకు మలక్‌పేటలో ఒక పెండ్లి పందిరి గుర్తొచ్చింది. ఎనభైల చివర్లో పెండ్లిళ్లలో, గణేశ్ మండపాల్లో ఆర్కెస్ట్రాలు పాడేవి. అందరూ పాటగాళ్ల చుట్టూ మూగితే, నేను వెనక నిలబడిన ఆ సన్నటి మనిషినే చూసేవాణ్ని. బేస్‌ను తిరగేసి, కళ్లు మూసుకుని, ఎడమచేతి రెండు వేళ్లతో తీగలు మీటేవాడు. నేల మీద ఆనిన నా కాళ్లలోకి వచ్చేది ఆ శబ్దం. ఇన్నేళ్లలో చాలా బేస్‌లు బాగుచేసి, సరిచూసి, వాయించి విన్నాను. అట్లా మళ్లీ వినిపించలేదు.

ఇదంతా రామ్మోహన్ గారికి చెప్పాను. ఆయన వంగి ఆ రంధ్రం మీద వేలు పెట్టి చూశారు. తర్వాత, "ఆయన ఇప్పుడున్నారా?" అన్నారు.

"తెల్వది సార్. ఎతుకుతె దొరుకుతడు."

"దొరికితే..." అని ఆగారు. "ఇది తనదే, తనకి కావాలంటారేమో అండీ." మళ్లీ ఆగి, "అసలే రోజులు బాగాలేవు. నేను అటువైపు మనిషిని" అన్నారు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆ ఏడాది చాలామంది సెటిలర్ల ఇళ్లలో ఆ బెరుకు ఉండేది. ఎవరూ అనకముందే మనసులో మాట్లాడుకునే మాటలు అవి.

"పని మొదలు వెట్టాల్నా సార్?" అని అడిగాను.

"ఆగండి. ఆలోచించి చెప్తాను."

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "వెతకండి. ఆ బేస్ ఎలా పలికేదో ఒక్కసారి వినాలనుంది. నా దగ్గర ఐదున్నాయి, ఒక్కటీ మాట్లాడదు" అన్నారు.

పాత ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించిన ఒకాయన మలక్‌పేటలో ఉంటే ఆయన్ను కలిశాను. "నర్సింహకు సర్కారు నౌకరి గద, సమ్మెల ఉంటడు, ఎల్బీనగర్ టెంట్ల చూడు" అన్నాడు. బస్సులు లేవు కాబట్టి బండి మీద ఎల్బీనగర్ చౌరస్తాకు పోయాను. టెంటు కింద డప్పులు మోగుతున్నాయి, పాటలు పాడుతున్నారు. అంత గుంపులో ఆయన్ను గుర్తుపట్టడం కష్టం కాలేదు. ఒక మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎడమచేతి రెండు వేళ్లతో తొడ మీద తాళం వేస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది.

పక్కన కూర్చుని సంగతి చెప్పాను. నా మాట పూర్తికాకముందే, "చాయ్ రంగు అంచులా?" అన్నాడు.

"అవు అన్నా."

డప్పుల చప్పుడులో ఆయన ఏమన్నాడో వినపడలేదు. వంగి చెవి దగ్గరగా పెడితే, మళ్లీ అదే మాట అన్నాడు. "ఇంక ఉన్నదా అది?"

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ నా దుకాణానికి వచ్చారు. బయట ర్యాలీ ఉందని షట్టర్ సగం దించాను. రామ్మోహన్ గారు లేచి నమస్కారం పెట్టారు. నర్సింహ అన్న ఎడమచేత్తో నమస్కారం పెట్టి, చూపు మాత్రం బల్ల మీదనే ఉంచాడు. దగ్గరికి పోయి, కింది అంచున పాలిష్ పోయిన చోట అరచెయ్యి ఆనించాడు. అట్లనే నిలబడ్డాడు.

"మా ఆర్కెస్ట్రా ఓనరు దుబాయ్ నుంచి తెప్పించిండు" అని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. "నాకు నౌకరి ఒచ్చినంక ఒక్కనాడు ప్రోగ్రాంకు వోలే. మల్లొక్కనాడు వోలే. రేపు వోదాం, ఎల్లుండి వోదాం అనుకుంట ఉన్న. ఇంతల ఆర్కెస్ట్రా బందయింది, సామానంతా అమ్మేసిండ్రు. ఆఖరి దినం అది ఆఖరిదని తెల్వదు గద సార్. తెలిస్తె జరసేపు ఎక్కువ వాయిస్తుంటి."

బేస్ ఎత్తి ఆయన చేతికి ఇచ్చాను. ఒక్క క్షణంలో తిప్పేశాడు. శరీరం మరిచిపోలేదు. కుడిచెయ్యి నెక్ మీదికి తెచ్చాడు, కానీ వేళ్లు ముడుచుకోలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. తీగ మీద వేళ్లు జారిపోయాయి.

"రెండేండ్ల కింద పక్షవాతం ఒచ్చింది" అన్నాడు. "నడక ఒచ్చింది, మాట ఒచ్చింది. గీ వేళ్లు రాలే." అని బేస్‌ను మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. పిలిపించి తప్పు చేశానేమో అనిపించింది.

అప్పుడు రామ్మోహన్ గారు, "నేను పట్టుకోనా?" అన్నారు.

ఇద్దరం ఆయన వైపు చూశాం. "మీటేది మీ ఎడమచెయ్యే కదండీ, అది బాగానే ఉంది. ఫ్రెట్ మీద నొక్కే చెయ్యే కదా కావాల్సింది. ఎక్కడ నొక్కాలో మీరు చెప్పండి. నేను నొక్కుతాను."

బేస్ బల్ల మీద వెల్లకిలా ఉంది. నర్సింహ అన్న బల్లకు ఒకవైపు, రామ్మోహన్ గారు రెండోవైపు, ఎదురెదురుగా నిలబడ్డారు. చిన్న స్పీకర్‌కు వైరు కలిపాను. నర్సింహ అన్న ముందు ఏదీ నొక్కకుండా లావు తీగను ఒకసారి మీటాడు. గోడకు వేలాడే గిటార్లన్నీ సన్నగా వణికాయి. ఆయన ముఖంలో నవ్వు వచ్చింది.

"మూడో ఫ్రెట్, లావు తీగ... ఇప్పుడు దాని పక్క తీగ, అయిదు... ఇడువకుండ్రి, వట్టి ఉంచుండ్రి..."

రామ్మోహన్ గారికి చెమటలు పట్టాయి. రెండుసార్లు తప్పు ఫ్రెట్ నొక్కి "సారీ అండీ" అన్నారు.

"పరేషాన్ గాకుండ్రి సార్. పాట ఒచ్చేదాంక ఎదురుచూడొద్దు. మనమే జర ముందు వోయి కూసోవాలె. పాట ఒచ్చి మన మీద కూసుంటది."

తర్వాత కుదిరింది. పెండ్లి బరాత్‌లో వాయించే చిన్న గత్తు, అంతే. నాలుగు స్వరాలు, తిరిగి తిరిగి అవే. కానీ ఆ మీటు ఆయనదే. మలక్‌పేట పందిట్లో నా కాళ్లలోకి వచ్చిన శబ్దమే అది. నేను వెనక్కి తిరిగి డ్రాయర్‌లో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. ర్యాలీ వచ్చి, నినాదాలతో మా సందు ముందు నుంచి దాటిపోయింది. వాళ్లిద్దరూ ఆపలేదు.

అయిపోయాక రామ్మోహన్ గారు బేస్‌ను సంచీలో పెట్టి నర్సింహ అన్న ముందుకు జరిపారు. "ఇది మీదండీ. తీసుకెళ్లండి." ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

నర్సింహ అన్న తల అడ్డంగా ఊపాడు. "వద్దు సార్. ఇంట్ల ఉంటె దినాం చూడాలె. చూస్కుంట ఉండుడు నాతోని గాదు. మీ తాన్నే ఉండనియ్యుండ్రి. యాదికొచ్చినప్పుడు ఒస్త."

"అయితే దీన్ని ఇలాగే ఉంచేస్తాను. ఫ్రెట్స్ కూడా మార్చను. మీ వేళ్ల గుర్తులు కదా" అన్నారు రామ్మోహన్ గారు.

నాకూ అదే సరైన మాట అనిపించింది. నర్సింహ అన్నకు మాత్రం కోపం వచ్చింది. "గదేంది సార్! అరిగిన ఫ్రెట్ల మీద తీగ గరగరమంటది. నా గుర్తులని దాన్ని మూగదాన్ని జేస్తరా? మార్చు తమ్మీ. మంచి ఫ్రెట్లెయ్యి. సారు నేర్సుకుంటడు" అన్నాడు నాతో.

ఆ వారమే పాత ఫ్రెట్స్ తీసి కొత్తవి బిగించాను. రంధ్రం పూడ్చలేదు, కింది అంచుకు పాలిష్ వేయలేదు. పాటకు అవి అడ్డం రావు.

సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. నర్సింహ అన్న ఆదివారాలు వనస్థలిపురం వెళ్లడం మొదలుపెట్టాడు. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, బేస్ పడుకోబెట్టి, అటొకరు ఇటొకరు. రామ్మోహన్ గారి భార్య చాయ్ పెట్టడానికి బల్ల ఖాళీ లేదని విసుక్కునేదట. నేనూ కొన్నిసార్లు పోయాను. రాష్ట్రం గురించి వాళ్లిద్దరికీ ఒక్క అభిప్రాయం లేదు. గట్టిగానే వాదించుకునేవాళ్లు. వాదన తెగదని తెలిశాక "మూడో ఫ్రెట్" అనేవాడు నర్సింహ అన్న.

రాష్ట్రం రావడానికి ముందు చలికాలంలో ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికి రాలేదు. హయత్‌నగర్‌లో కర్మకు రామ్మోహన్ గారూ నేనూ కలిసే పోయాం.

కొన్ని నెలల తర్వాత తీగలు మార్పించడానికి అదే బేస్ తెచ్చారు రామ్మోహన్ గారు. సరిచూడమని ఆయన చేతికే ఇచ్చాను. భుజానికి వేసుకుని, ఆ నాలుగు స్వరాలు తప్పు లేకుండా వాయించారు. మధ్యలో ఆపేశారు.

"ఇప్పుడు రెండు చేతులూ నావేనండీ" అన్నారు. "అయినా ఒక చెయ్యి తక్కువైనట్టే ఉంటోంది."

నా పనిలో ఒక వస్తువును కొత్తదానిలా చేయడమే గొప్ప అని చాలా ఏళ్లు అనుకున్నాను. కొన్నాళ్లు, పాతదాన్ని ముట్టుకోకుండా ఉంచడమే గొప్ప అనీ అనుకున్నాను. ఇప్పుడు రెండూ అనుకోను. పాత బేస్ ఎవరు తెచ్చినా వెంటనే తీసుకోను. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఒకసారి వాయించమంటాను. "చానా ఏండ్లయింది భాయ్, చెయ్యి తిరగదు" అని సిగ్గుపడతారు. పర్వాలేదంటాను. ఆ చేతులు తీగల మీద దేనికోసం వెతుక్కుంటాయో కాసేపు చూస్తే, బాగుచేయాల్సింది ఏమిటో తెలుస్తుంది.